మెట్టదా, పల్లందా?

కళింగపట్నం నుంచి గారకి తొలి ట్రిప్పు.
రాత్రంతా కొట్టిన వాన అప్పుడే కట్టింది.
ఆటో లైటు వెలుగులో రోడ్డు నడిమధ్య
ఎవరో బోర్లించి మరిచిపోయిన చిప్ప.
బ్రేకేశాక చిప్పకి మెడ వచ్చింది.

వెనక సీట్లో మైలపల్లి దాలెమ్మ,
రెండు తట్టల కవళ్ళు, ఒక తట్ట కానాగంతలు,
ఐసు నీళ్ళు నా చెప్పుల దాకా కారుతూ.

దిగి ఎత్తాను. చూసిన దానికంటే బరువు.
నల్ల డిప్ప మీద పసుప్పచ్చ గీతలు,
చుక్క చుక్క నించీ చీలిపోతూ.
పక్కనే కాలవ గట్టు ఒరుసుకుని పారుతోంది.
"కొట్టుకొచ్చేసింది పాపం,
నీళ్ళలో దింపేసొస్తాను, పుణ్యముంటుంది"
అని గట్టు మీద కాలు వేశానో లేదో

"ఓలమ్మ, ఉండుండు!
పుణ్యమేటి, పీక నొక్కడమేటి?
ముందల దాని కాలు సూడు.

ఏనుగు కాలు కాదేటి?
గోళ్ళున్నాయి గానీ ఏళ్ళేవి?
బాతుకున్నట్టు మద్దిన తోలుందేటి?
అది సెరువుదానికుంటాది.
దాని డిప్ప అట్టులాగ అణిగుంటాది, నీటికి అడ్డెట్టకుండా.
ఇది సూడు, మూకుడు బోర్లించినట్టు.
ఇంక సంద్రపుదానికి కాళ్ళే లేవు.
తెడ్లు. నాలుగూ తెడ్లే.
బుర్ర లోనికి దాసుకుందామన్నా సోటుండదు దానికి.
మాఘమాసంలో గుడ్లెట్టడానికొచ్చి
ఇసక మీద ఒళ్ళీడ్సుకుంటాది.
మా అయ్య వల కోసి వొగ్గినప్పుడల్లా
కళ్ళంట నీళ్ళు కారేవి దానికి,
ఏడస్తందనుకునేదాన్ని.
ఉప్పట, ఒంట్లో ఉప్పు కక్కడమట.
ఇది నడిసే జాతి బావూ.
కాలవలో ఏస్తే రాయే."

పొలం బేరమాడితే మేం అడిగే మొదటి మాట అదే,
మెట్టా, పల్లమా?
నాగలి దించే ముందు అడుగుతాం,
విత్తనం కొనే ముందు అడుగుతాం.
చేతిలో ఊపిరాడేదాన్ని పట్టుకుని మాత్రం
అడగాలని తోచలేదు.
మూడింటికీ తాంబేలనే ఒక్క మాట సరిపెట్టాం,
ముగ్గురు పిల్లలకి ఒకే కొలత చొక్కా కుట్టించినట్టు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
శాలిహుండం కొండ కింద జీడితోటలో
ఇలాంటిదే, ఇంకా బుల్లిది.
చొక్కా విప్పి మూట కట్టి మోసుకొచ్చాను.
ఎండలో దాహమేసుంటుందని
మా పెదనాన్న నూతిలో వదిలాను.
బుడగలొచ్చాయి. నాలుగో, అయిదో.
"ఇల్లు చేరింది" అన్నాను చెల్లితో,
అది చప్పట్లు కొట్టింది.
చాన్నాళ్ళు ఇద్దరం గట్టు మీంచి
అన్నం మెతుకులు కూడా వేశాం.

ఇరవై ఆరేళ్ళు ఆ నుయ్యిని
నా మంచిపనుల లెక్కలోనే రాసుకున్నాను.

"ఏటలాగ నిలబడిపోనావు?
సేపలు మెత్తబడిపోతన్నాయి."

దాలెమ్మకి చెప్పలేదు.
అది ఎటు మొహం పెట్టుకుని ఉందో గుర్తు చేసుకుని
అటువైపే రోడ్డు దాటించాను.
మొగలి పొద మొదట్లో, పొడి ఇసక చూసి దింపాను.
దింపేలోగా నా చేతి నిండా ఉచ్చ పోసింది.
తర్వాత కాళ్ళు లేవు, మెడ లేదు,
మూత పెట్టుకున్న గిన్నె.
రెండు నిమిషాలు చూశాను.
వెనక హారన్ మోగింది,
దాలెమ్మే ముందుకి వంగి నొక్కుతోంది.

గారలో తట్టలు దించాక
ఎప్పటిలాగే పది రూపాయలు తక్కువిచ్చింది.
ఎప్పటిలాగా అడగలేదు నేను.

తిరుగు ట్రిప్పు ఖాళీ. ఎండ కాస్తోంది.
పొద దగ్గర ఆటో ఆపి దిగాను.
అది లేదు.
తడి గడ్డిలో జానెడు వెడల్పున ఒక దారి,
అక్కడక్కడ గోళ్ళ గాట్లు,
కాలవకి వీపు పెట్టి
మెట్టకేసి పోయింది.